మూపురం ఎక్కిన బండి

బండి సంగతి తేలాలంటే మూపురం ఎక్కించి చూడాలి. ఆసుపత్రి డ్రైవరు సిద్ధాంతం ఇదొక్కటే. కొండమీది పల్లెకు పోయే దారి సగం దాటాక నేల ఉన్నట్టుండి ఎద్దు మూపురంలా పైకి లేస్తుంది. అంతా బండరాయి, నడుమ నడుమ కాలు పెడితే జారే ఎర్రమట్టి. అది ఎక్కి దిగితే పల్లె కనిపిస్తుంది. ఎక్కలేని వాళ్ళ కోసం వాగు ఇసుకలోంచి ఒక చుట్టుదారి ఉంది గానీ, ఆ దారిన పోయేవాణ్ణి అతను డ్రైవరు కిందే జమకట్టడు. ఆసుపత్రిలోనూ పల్లెలోనూ అతన్ని మూపురం డ్రైవరు అనే అంటారు. ఆ పిలుపు చెవిన పడితే చాలు, మనిషి నడకే మారిపోతుంది.

ఆసుపత్రి పాత బండి వానల్లో ఇంజను పాడై మూలబడింది. కొత్తది కొనాలనేసరికి రెండు కంపెనీలు చెరొక ఫోర్ వీల్ డ్రైవ్ బండిని పరీక్షకని తెచ్చి ఆవరణలో నిలబెట్టాయి. పెద్ద డాక్టరు మెట్ల మీద నుంచే చెయ్యి ఊపాడు.

"నడిపేవాడివి నువ్వు. కొండదారి తెలిసినవాడివీ నువ్వే. రెండూ తిప్పి చూసి చెప్పు. నువ్వు ఏదంటే అదే కొంటాం."

ఆ మాటతో డ్రైవరు జానెడు పొడుగయ్యాడు. రెండు బండ్ల చుట్టూ తిరిగాడు, కిందికి దూరాడు, లేచి చేతులు దులుపుకున్నాడు. మొదటిది ఎత్తుగా, పొట్టిగా, నాలుగు పక్కలా నిటారుగా ఉంది. అడుగున కుదుపు ఆపే మందపాటి కమాను పట్టీలు, లావాటి ఇరుసులు. గేరు కర్ర పక్కన ఇంకో పొట్టి కర్ర. దాన్ని ఒక మెట్టు లాగితే నాలుగు చక్రాలూ తిరుగుతాయి, ఇంకో మెట్టు లాగితే నత్తలా కదులుతూ గోడనైనా ఎక్కేస్తానంటుంది. దానికి అక్కడికక్కడే పెట్టె అని పేరు పెట్టేశాడు. రెండోది పొడుగు బండి, తెల్లగా నిగనిగలాడుతోంది. తలుపు వేస్తే చప్పుడు లేదు. క్లచ్చి లేదు. బురదకో బొమ్మ, ఇసుకకో బొమ్మ, రాళ్ళకో బొమ్మ వేసిన గుండ్రటి మీట ఒకటుంది. అది తిప్పుకుంటే మిగతాదంతా బండే చూసుకుంటుందట.

"ఇది పెళ్ళికూతురు" అన్నాడు మేస్త్రితో, కన్ను గీటి. మేస్త్రి ఆసుపత్రి షెడ్డులో బండ్లు బాగుచేసేవాడు, ఇతనికి ప్రాణ స్నేహితుడు. "పసుపు పారాణితో కొండెక్కమంటే ఎక్కుతుందా?"

స్ట్రెచర్ మీద రోగికి బదులు, పక్క బల్ల మీద కూర్చునేవాళ్ళకు బదులు, రెండు బండ్లలోనూ ఇసుక మూటలు వేయించాడు. అవి వేస్తుండగా వార్డులోంచి వదిన వచ్చింది. ఆమె డ్రైవరు భార్యకు అక్క, ఆసుపత్రిలో నర్సు. పల్లె నుంచి ఏ రోగిని తెచ్చినా వెనకాల కూర్చుని తెచ్చేది ఆమే.

"మరిదిగారూ, నన్నూ ఎక్కించుకుపోండి. వెనకాల కూర్చుని చూస్తాను."

"నువ్వెందుకు వదినా? పెళ్ళిచూపులకా?"

"రేపటి నుంచి కాపురం చెయ్యాల్సింది నేను కదా. నన్నూ ఓసారి చూడనివ్వండి."

"ఇసుక మూటలున్నాయిలే. నీకంటే అవే నయం, నోరు మెదపవు."

మేస్త్రి, కంపెనీ మనుషులు పగలబడి నవ్వారు. ఆమె కూడా నవ్వబోయి మధ్యలో ఆగిపోయింది. "సరే, మీ ఇష్టం" అని చేతులు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. ఎంత చక్కగా తిప్పికొట్టానో అని డ్రైవరు ఊరు దాటేదాకా మురిసిపోతూనే ఉన్నాడు.

పరీక్ష పద్ధతిగానే చేశాడు, ఆ మాట ఒప్పుకోవాలి. ముందు ఒక బండిలో పోవడం, తిరిగొచ్చి రెండోదాంట్లో అదే దారిన పోవడం. వాగు నీళ్ళలో రెండూ ఒకటే. బురదలో పెళ్ళికూతురే మెరుగు. ఒక చక్రం జారితే రెండోదానికి బలం తనే అందించుకుని, చెప్పకుండానే బయటపడింది. డ్రైవరు మీట వైపు అనుమానంగా చూశాడు. తను చెయ్యాల్సిన పని ఎవరో చేసేసినట్టుగా ఉంది అతనికి. గతుకుల్లో కూడా అది ఊయలలా తేలిపోతూ పోయింది. "నిద్రొస్తోంది" అన్నాడు విసుగ్గా.

మూపురం దగ్గరికి వచ్చాక పెళ్ళికూతురి కంపెనీ మనిషి మెల్లగా అన్నాడు, "చుట్టుదారి ఉందట కదండీ. మా బండిని అటు తీసుకెళ్ళి చూడొచ్చుగా?"

"అటు పోతే అరగంట ఎక్కువ. రోగి ప్రాణం మీద ఉంటే చుట్టూ ప్రదక్షిణాలు చేస్తామా?"

మూపురం నెత్తి మీద పెళ్ళికూతురి పొట్ట రాయికి ఆనింది. పొడుగు బండి కదా, ముందు చక్రాలు దిగాయి, వెనక చక్రాలు ఎక్కలేదు. నడుమ ఇరుక్కుని ఒక చక్రం గాల్లో తిరుగుతూ ఉండిపోయింది. డ్రైవరు దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు. కబురు పెడితే మేస్త్రి పెట్టెను తీసుకొచ్చాడు. తాడు కట్టి లాగారు. తర్వాత పెట్టె వంతు వచ్చింది. పొట్టి కర్ర చివరిదాకా లాగి వదిలితే అది ఒక్కో రాయినీ పట్టుకుని, ఎక్కడా ఆగకుండా, మూపురం ఎక్కి అవతల దిగింది. అలా ఎక్కుతున్నప్పుడు స్టీరింగులోంచి రాయి ఒరుసుకునే అదురు, మట్టి జారే జారు, అన్నీ అరచేతుల్లోకి తెలిసిపోతున్నాయి. ఎన్నేళ్ళయింది ఇలాంటి బండి నడిపి, అనిపించింది అతనికి. కళ్ళు చెమ్మగిల్లాయి కూడా.

ఆవరణకు తిరిగొచ్చి వెనక తలుపులు తీశారు. పెళ్ళికూతురిలో మూటలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. పెట్టెలో అన్నీ కిందపడి దొర్లి, ఒకటి పగిలి, ఇసుక నేలంతా పరుచుకుంది. డ్రైవరు చీపురు తీసుకుని ఇసుకంతా ఊడ్చి బయటికి తోశాడు.

"వెనకాల ఎలా ఉంది?" అని అడిగాడు పెద్ద డాక్టరు గదిలో.

"వెనకేముందండీ, స్ట్రెచరు పడుతుంది, ఇద్దరు కూర్చోవచ్చు. మూపురం ఎక్కేది పెట్టె ఒక్కటే. పైకి పోలేని బండి మనకెందుకు?"

మాట సబబుగానే ఉంది. పెద్ద డాక్టరు తలూపి సంతకం పెట్టేశాడు. సాయంత్రానికల్లా పెళ్ళికూతురు వెళ్ళిపోయింది.

*

పల్లె నుంచి మొదటి కబురు ఒక రోజు సందిచ్చి వచ్చింది. ముసలాయన ఒకడు చెట్టు మీంచి పడ్డాడు, తుంటి ఎముక విరిగినట్టుంది. డ్రైవరు పొట్టి కర్ర లాగి మూపురం ఎక్కుతుంటే అవతల పల్లెవాళ్ళు గుమిగూడి చూస్తున్నారు. దిగేసరికి పిల్లలు చప్పట్లు కొట్టారు. చప్పట్లకు లొంగని మనిషెవరు? అతను కిటికీలోంచి చెయ్యి ఊపాడు.

పెట్టె వెనక భాగం రొమ్మెత్తు ఉంది. స్ట్రెచర్ని నలుగురు భుజాల మీదికి ఎత్తి లోపలికి తోయాల్సి వచ్చింది. తోస్తుంటే ముసలాయన కెవ్వుమన్నాడు. "ఇంతే, ఇంతే, అయిపోయింది పెద్దయ్యా" అంది వదిన, వెనకే ఎక్కుతూ. తలుపు మూసి డ్రైవరు తన సీట్లోకి ఎగిరి కూర్చున్నాడు.

మూపురం దిగాక దారి బాగుంది, అంటే అతని లెక్కలో బాగుంది. కాస్త తొక్కాడు. వెనకనుంచి అద్దం మీద వదిన టకటకా కొట్టింది. లోపల నర్సు అద్దం కొట్టిందంటే ఏమిటర్థం? రోగికి ముంచుకొస్తోంది, తొందరగా పొమ్మని. ఇంకాస్త తొక్కాడు. మళ్ళీ కొట్టింది. "పోతున్నా వదినా, పోతున్నా!" అని అరిచి, పళ్ళు బిగించి, గతుకుల మీంచి ఎగరేసుకుంటూ ఆసుపత్రి గేటు దాకా తెచ్చి ఆపాడు. ఇంత తొందరగా ఆ దారిలో ఎవరూ రోగిని తెచ్చి ఉండరు.

"చూశావా వదినా, ఎప్పుడైనా ఇంత త్వరగా తెచ్చామా?" అంటూ తలుపు తీశాడు.

ఆమె ముసలాయన మీద అడ్డంగా పడుకుని ఉంది. ఒక చెయ్యి పక్కనున్న ఇనప కడ్డీకి చుట్టుకుని, ఒళ్ళంతా బరువేసి ఆయన్ని స్ట్రెచర్‌కు అదిమి పట్టుకుంది. ముసలాయన నోట్లో తన తువ్వాలే కుక్కి ఉంది, పళ్ళ కింద. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ ఎవర్నీ చూడటం లేదు. వదిన మెల్లగా లేచి, తువ్వాలు నోట్లోంచి లాగి, ఆయన చెంప నిమిరింది. డ్రైవరు వైపు చూడకుండా స్ట్రెచర్ పట్టుకుని దిగింది. స్ట్రెచర్ లోపలికి వెళ్ళిపోయింది.

ఏం, ఒక్క మెచ్చుకోలు మాట అంటే నోరు అరిగిపోతుందా, అనుకున్నాడు అతను. బండి కడుక్కున్నాడు.

ఇంటికి పోయేసరికి వదిన అక్కడే ఉంది. వంటింటి గుమ్మంలో పీట మీద కూర్చుంది. భార్య ఆమె మోచెయ్యి పట్టుకుని మందు రాస్తోంది. మోచేతి నుంచి మణికట్టు దాకా నల్లగా కమిలిపోయింది.

"ఏమైంది వదినా?"

"ఏమైందా?" అంది భార్య తలెత్తకుండా. "మీ బండికి స్ట్రెచరు సరిగ్గా వెనక ఇరుసు నెత్తి మీదుందట. ఒక్కో గతుక్కీ ఆ ముసలాయన జానెడు లేచి పడుతుంటే మా అక్క పట్టుకుని కూర్చుంది. సూదిమందు ఇద్దామంటే ఆ కుదుపులో సూది నిలవదట. అద్దం కొట్టి కొట్టి అక్క చెయ్యి పడిపోయింది, మెల్లగా పొమ్మని. మీరు ఇంకా ఎగరేశారట."

"మెల్లగా పొమ్మనా?" అన్నాడు డ్రైవరు.

"కాక? మీకు ఇసుక మూటలే అలవాటాయె. వాటికి నోరుండదు కదా!"

"ఊరుకోవే" అంది వదిన. "ఆయన మాత్రం కావాలని చేశాడా? ముందు సీట్లో కూర్చున్నవాడికి వెనకాల సంగతి ఏం తెలుస్తుంది?"

భార్య తిట్టినదంతా ఒక ఎత్తు, వదిన వెనకేసుకొచ్చిన ఆ మాట ఒక ఎత్తు. తల కొట్టేసినట్టయింది. పెట్టెలోంచి ఇసుక ఊడ్చి తోసింది తనే కదా, ఈ చేతులతోనే. కళ్ళెదుట కనిపిస్తే కూడా చీపురు తెచ్చుకున్నాడు గానీ ఒక్క క్షణం ఆగి ఆలోచించాడా? అన్నం సహించక లేచి చెయ్యి కడుక్కున్నాడు.

*

మర్నాడు పొద్దున్నే షెడ్డుకు పోయి మేస్త్రిని పిలిచాడు. "నువ్వు నడుపు. నేను వెనకాల పడుకుంటా."

"మతిగాని పోయిందా నీకు?"

"పోయింది, నడుపు. పల్లెదారిలోనే పో. మూపురం ఎక్కి దిగు."

స్ట్రెచర్ మీద వెల్లకిలా పడుకుని పట్టీలు కట్టుకున్నాడు. పడుకుంటే కనిపించేది బండి కప్పు ఒక్కటే. ఊళ్ళో ఉన్నంతసేపూ బాగానే ఉంది. మట్టిదారి మొదలయ్యాక మొదటి గతుక్కి నడుం లేచి, వెన్ను విరిగేలా కిందపడ్డాడు. ఇంత చిన్న గతుక్కేనా అనుకున్నాడు. ఇదే గతుకును ఎన్నిసార్లు తొక్కించి ఉంటాడు! ముందు కూర్చున్నవాడు రాయిని చూస్తాడు, చూసి పిక్క బిగిస్తాడు, స్టీరింగు పట్టుకుని ఉంటాడు. పడుకున్నవాడికి ఏదీ తెలియదు. ఏ క్షణాన ఎటునుంచి దెబ్బ పడుతుందో తెలియక ఒళ్ళంతా బిగబట్టుకుని ఉండాలి. బిగబట్టిన ఒంటి మీద దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. తనకు ఏ ఎముకా విరగలేదు. విరిగిన ఎముకతో ముసలాయన ఈ దారంతా వచ్చాడు. నీళ్ళు కారుతున్నాయి కళ్ళవెంట, నొప్పికో దేనికో తెలియదు.

చాలనిపించి చెయ్యి చాపి అద్దం మీద కొట్టాడు. బండి వేగం పెరిగింది. మళ్ళీ కొట్టాడు. ఇంకా పెరిగింది. మూపురం మొదట్లో వాడే ఆపేదాకా కొడుతూనే ఉన్నాడు.

"ఏం, ఆపమని కొడుతుంటే వినబడలేదా?"

"ఆపమనా?" అన్నాడు మేస్త్రి, నోరెళ్ళబెట్టి. "తొందరపెడుతున్నావనుకున్నాను."

డ్రైవరు దారి పక్కన రాయి మీద కూర్చుండిపోయాడు. మేస్త్రి నీళ్ళ సీసా ఇచ్చాడు. పరుపు మందంగా వేద్దామన్నాడు డ్రైవరు. వేసినా ఎగరడం తప్పదన్నాడు మేస్త్రి. కమాను పట్టీల్లో రెండు తీసేస్తే మెత్తబడుతుందేమో అంటే, బరువెక్కగానే ఇరుసు కూర్చుంటుందన్నాడు. స్ట్రెచర్ ముందుకు జరపడానికి బండికి ఆ పొడుగు లేదు. పొడుగున్న బండిని తను తాడు కట్టి లాగి, నవ్వుకుని, సాగనంపేశాడు.

ఏ ముఖం పెట్టుకుని వెళ్ళాలో తెలియకపోయినా పెద్ద డాక్టరు గదికి వెళ్ళాడు. నిలబడి నీళ్ళు నమిలాడు, చివరికి అనేశాడు.

"నేను పప్పులో కాలేశానండి. తెల్లబండే మంచిది. మూపురం మీంచి పోకపోతే ఏం, చుట్టుదారిలో పోయేది. అరగంట ఆలస్యమైతే అయ్యేది."

"అది వేరే ఆసుపత్రికి ఇచ్చేశారయ్యా" అన్నాడు పెద్ద డాక్టరు. కోప్పడలేదు, కళ్ళజోడు తీసి కళ్ళు నలుపుకున్నాడు. "మళ్ళీ కొత్త బండి అంటే ఇప్పట్లో ఇస్తారా మనకి? నువ్వు చెప్పావనే కదా తీసుకున్నాం. నడిపేవాడికంటే ఎవరికి తెలుస్తుందనుకున్నాం."

"వదిన్ని అడగాల్సిందండి."

"అవును. నేనూ అడగలేదు" అన్నాడు పెద్ద డాక్టరు.

*

వారం తిరక్కుండానే పల్లె నుంచి మళ్ళీ కబురు వచ్చింది. తొలిచూలు పిల్ల, తెల్లారుజామున నొప్పులు మొదలయ్యాయట. డ్రైవరు స్ట్రెచరు పెట్టే చోట పరుపు మీద పరుపు వేశాడు, పక్కలకు దిండ్లు కుక్కాడు. వదిన ఎక్కబోతుంటే, "అద్దం ఒక్కసారి కొడితే చాలు వదినా, ఆపేస్తాను" అన్నాడు. ఆమె తలూపింది. మూపురం దగ్గర స్టీరింగు పక్కకు తిప్పి, వాగు ఇసుకలోకి దించాడు. ఆ చుట్టుదారిలో బండి నడపడం అతనికి అదే మొదలు.

పల్లెలో ఈసారి చప్పట్లు లేవు. వదిన గుడిసెలోకి వెళ్ళి చూసి బయటికి వచ్చింది. "ఇంకా టైముంది. సాయంత్రంలోగా చేరితే చాలు. కానీ బిడ్డ అడ్డం తిరిగినట్టుంది, ఇక్కడ కాన్పు కాదు."

డ్రైవరు వెనక తలుపులు బార్లా తీసి నిలబడ్డాడు. గుడిసె లోపలి నుంచి పిల్లను స్ట్రెచర్ మీద మోసుకొచ్చారు, ముందిద్దరు, వెనకిద్దరు. బండి దగ్గరికి వచ్చారు. బండిని దాటి ముందుకు పోయారు.

"ఇటు, ఇటు!" అన్నాడు డ్రైవరు, వాళ్ళు చూసుకోలేదనుకుని.

ముందున్నవాడు పిల్ల మొగుడు. ఆగాడు గానీ స్ట్రెచర్ దించలేదు. "మేం మోసుకొస్తాం మామా."

"ఆసుపత్రి దాకానా? పిచ్చా మీకు?"

"మా తాతలు మోసినదే కదా. వంతులేసుకుంటాం, వెనకాల ఇంకో ఎనమండుగురు వస్తున్నారు."

"ఒరే నాయనా, మెల్లగా నడుపుతా. చుట్టుదారిలోనే పోతా. చూడు, పరుపు వేశాను, దిండ్లు వేశాను."

వాడు పరుపు వైపు చూశాడు, డ్రైవరు మొహం వైపు చూశాడు. తలకాయ దించుకున్నాడు. "నీ మీద కోపం లేదు మామా. ముసలాయన ఆసుపత్రిలో అందరికీ చెప్తున్నాడట. ఎముక విరిగినప్పుడు ఏడవలేదు, బండిలో ఏడ్చానని. ఇది కడుపుతో ఉన్న పిల్ల. నువ్వే చెప్పు, ఎక్కించమంటావా?"

డ్రైవరు వదిన వైపు చూశాడు. ఆమె పిల్ల మీద దుప్పటి సర్దుతోంది. అతను నోరు తెరిచాడు, ఎక్కించండి అనడానికి. పరుపు వైపు చూసి మళ్ళీ మూసేశాడు. స్ట్రెచర్ కదిలింది. వదిన సంచి భుజాన వేసుకుని, పిల్ల చెయ్యి పట్టుకుని పక్కన నడవసాగింది.

పిల్ల అత్తగారు మాత్రం వెనక్కి వచ్చింది. బిడ్డకోసం ఉతికి మడిచిన గుడ్డల మూట, బియ్యం సంచి, గిన్నెలు, చెప్పులు, అన్నీ తెచ్చి పరుపుల మీద పేర్చింది. "ఇవి తీసుకురా నాయనా. చేతులు ఖాళీగా ఉంటే మేమూ వంతు మొయ్యొచ్చు" అంది.

డ్రైవరు తలుపులు మూసి, సీట్లో కూర్చుని, పొట్టి కర్ర చివరిదాకా లాగాడు. బండి కదిలిందో లేదో అన్నట్టు కదిలింది. ముందు మనుషులు నడుస్తున్నారు. అడుగులు కలిపి, మోకాళ్ళు కొంచెం వంచి, ఎక్కడ దించాల్సి వచ్చినా నలుగురూ ఒక్కసారే దించుతున్నారు. భుజం మార్చుకునేటప్పుడు చిన్నగా మాట ఇచ్చిపుచ్చుకుంటున్నారు. స్ట్రెచర్ మీద పిల్ల నొప్పి వచ్చినప్పుడల్లా "ఆపండి" అంటోంది. ఆ మాట అనగానే ఆగుతున్నారు. నొప్పి పోయాక మళ్ళీ నడుస్తున్నారు. ఆపమన్నప్పుడు ఆగడానికి ఇంత చదువు కావాలా, అనుకున్నాడు డ్రైవరు.

ఇసుక దారి మలుపులో ఆ పిల్ల తల తిప్పి, వెనకాల పాకుతూ వస్తున్న బండిని చూసింది.

"అక్కా, ఎవరూ ఎక్కకపోతే మరి అదెందుకొస్తోంది?" అని అడిగింది నర్సును.

కిటికీలోంచి డ్రైవరుకు స్పష్టంగా వినిపించింది. వదిన వెనక్కి తిరిగి చూడలేదు. ఆమె గొంతులో వెటకారం లేదు, కోపమూ లేదు. అడిగినదానికి ఉన్నమాట చెప్పింది.

"మన సామాన్లు తెస్తోందమ్మా."

డ్రైవరు వాళ్ళను దాటిపోకుండా బ్రేకు మీద కాలు ఆనించి ఉంచాడు.